ఇంజను చివర, చక్రాలు ముందు

ఆటల గ్యారేజీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు. ఈసారి ‘క్రాసౌట్’, విడి భాగాలతో సొంతంగా ఆయుధాల బండి కట్టుకుని ఇతరులతో పోరాడే వీడియో గేమ్.

ప్రశ్న: నా బండికి ట్రాకులు, పెద్ద ఫిరంగి, మందపాటి కవచం ఉన్నాయి. డబ్బులు కూడబెట్టి ‘ఎపిక్’ అనే పై శ్రేణి ఇంజను కొని బిగించాను. గరిష్ఠ వేగం ఒక్క అంకె కూడా పెరగలేదు. ఇంజనులో ఏదైనా లోపమా?
(ఒక పాఠకుడు, ఆవడి, చెన్నై)

జవాబు: ఇంజను బాగానే ఉంది. వేగాన్ని ఆపుతున్నవి ట్రాకులు. ఈ ఆటలో గరిష్ఠ వేగం రెండు చోట్ల తేలుతుంది. క్యాబిన్ (డ్రైవరు కూర్చునే భాగం) వేగానికి ఇంజను కలిపితే వచ్చేది ఒకటి, చక్రాలకో ట్రాకులకో ఉన్న సొంత పరిమితి ఇంకొకటి. రెండింటిలో ఏది తక్కువైతే బండి అంతే పోతుంది. లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ అనుకుందాం: క్యాబిన్ 65 ఇస్తుంది, ఇంజను దాన్ని 80 చేస్తుంది, ట్రాకులు 60 దాటనివ్వవు. అప్పుడు ఇంజను ఉన్నా లేకున్నా మీకు కనిపించేది 60. రెండు రకాల చక్రాలు కలిపి వాడేవాళ్లకూ ఇదే చిక్కు. నెమ్మదైన చక్రం ఒక్కటున్నా మిగతావి దాని వేగానికే దిగాల్సిందే.

అలాగని పెట్టిన డబ్బు వృథా అయిపోలేదు. ఇంజను వేగంతో పాటు శక్తిని, మోసే బరువును కూడా పెంచుతుంది. ఏది ఎంత పెంచుతుందో ఒక్కో ఇంజనుకు ఒక్కోలా ఉంటుంది. మీ బండికి కావలసింది ఈ రెండే. మీ ఊళ్లో తయారైన ట్యాంకులనే చూడండి. అర్జున్ బరువు 58.5 టన్నులు, ఇంజను 1,400 హార్స్‌పవర్. టన్నుకు దాదాపు 24. టీ-72 అంతకంటే చాలా తేలిక, 41.5 టన్నులు. అయినా 780 హార్స్‌పవరే కాబట్టి టన్నుకు 19 దాటదు. ఆగిన చోటు నుంచి కదలడం, గట్టు ఎక్కడం, ఎదుటివాడు గురి పెట్టేలోగా పక్కకు తప్పుకోవడం, ఇవన్నీ ఈ నిష్పత్తి మీదే ఆధారపడతాయి. ఆటలోనూ అంతే.

గ్యారేజీలో మీ బండి బరువు, టన్నేజీ (వేగం తగ్గకుండా మోయగల బరువు), బరువు పరిమితి మూడూ చూడండి. బరువు టన్నేజీకి లోపల ఉన్నంతవరకు బండి తన పూర్తి వేగం అందుకుంటుంది. టన్నేజీ దాటాక వేగం, పికప్ రెండూ తగ్గుతూ వస్తాయి. పరిమితిని మాత్రం ఎప్పుడూ దాటనివ్వకండి. మీ బండి టన్నేజీ దాటి ఉంటే, టన్నేజీ ఎక్కువ కలిపే బరువు ఇంజను వేయండి. వేగం పెంచే తేలిక ఇంజనుతో మీకు పని లేదు. మార్చిన ప్రతిసారీ టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లి, ఆగిన స్థితి నుంచి పూర్తి వేగానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టుకోండి.

ప్రశ్న: తేలిక క్యాబిన్, మంచి ఇంజను, ఎనిమిది చక్రాలు. మలుపులు బాగా తిరుగుతోంది కానీ పికప్ లేదు.
(ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: ఎనిమిదీ స్టీరింగు చక్రాలే (మలుపులో పక్కకు తిరిగేవి) అయి ఉంటాయి. ప్రతి చక్రం కొంత టన్నేజీ ఇచ్చి, బదులుగా శక్తిలో కొంత శాతం తినేస్తుంది. అదే రకంలో మామూలు చక్రంతో పోలిస్తే స్టీరింగు చక్రం మోసేది తక్కువ, తినేది ఎక్కువ. ముందువైపు రెండు స్టీరింగు చక్రాలు ఉంచి మిగతావి మామూలువి వేయండి. తేలిక బండికి ఎనిమిది కూడా అక్కర్లేదు, ఆరు చాలు. ఒక జత తీశాక బరువు టన్నేజీ దాటిందేమో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: ఇంజను ఎక్కడ పెట్టాలి? యుద్ధం మొదలైన నిమిషంలోనే విరగ్గొడుతున్నారు.
(ఒక పాఠకుడు, విల్లివాక్కం)

జవాబు: జనరేటరు పక్కన మాత్రం వద్దు. జనరేటరు పేలుతుంది, పేలినప్పుడు చుట్టూ ఉన్న భాగాలను వెంట తీసుకుపోతుంది. రెండింటి మధ్య క్యాబిన్ గానీ మందపాటి కవచం గానీ ఉండాలి. ఇంజను పోయినంత మాత్రాన బండి ఆగదు, క్యాబిన్ సొంత శక్తితో నడుస్తుంది. కానీ ఇంజను ఇచ్చిన టన్నేజీ కూడా పోతుంది కాబట్టి, నిండా బరువు ఎక్కించిన బండి అక్కడే చతికిలబడుతుంది. అందుకే బరువు బండివాళ్లు కవచంలో మంచి పలకలు ఇంజనుకే కేటాయించాలి. ఎనర్జీ (భాగాలు బిగించడానికి క్యాబిన్, జనరేటరు ఇచ్చే పాయింట్లు) విషయం కూడా మరిచిపోకండి. ఇంజను ఎన్ని పాయింట్లు అడుగుతోందో చూడకుండా బిగిస్తే ఆయుధానికి పాయింట్లు చాలవు.

ప్రశ్న: ఆటలోని మార్కెట్లో ఇంజను కొని, నచ్చకపోతే అదే ధరకు అమ్మేస్తే నష్టం లేదు కదా?
(ఒక పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: ఉంది. అమ్మకం మీద మార్కెట్టు 10 శాతం పట్టుకుంటుంది. 100 నాణేలకు కొని 100కే అమ్మితే చేతికొచ్చేది 90. తొందర లేకపోతే ‘ఇంత ధరకు కొంటాను’ అని ఆర్డరు పెట్టి ఆగండి, సాధారణంగా అప్పటి అమ్మకపు ధర కంటే తక్కువకే దొరుకుతుంది.