ఇల్లు అమ్మేశారు, పదిహేను రోజుల్లో ఖాళీ చేయమంటున్నారు

ప్రశ్న: వనస్థలిపురంలో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాం. మాది పై పోర్షన్, ఓనర్లు కింద ఉంటారు. వాళ్ళను అంకుల్, ఆంటీ అనే పిలుస్తాం. మూడేళ్ళ కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడు సొంత మనిషిలా నా వెంట ఉన్నది ఆంటీయే. అలాంటిది ఇల్లు అమ్ముతున్నట్టు మాకు ఒక్క మాట చెప్పలేదు. పోయిన వారం బ్రోకర్ ఎవరినో తీసుకొచ్చి గదులు చూపిస్తుంటే తెలిసింది. వచ్చే వారం రిజిస్ట్రేషన్ అట. పదిహేను రోజుల్లో ఖాళీ చేయకపోతే కొత్త ఓనర్ కరెంటు, నీళ్ళు కట్ చేయిస్తారని బ్రోకర్ బెదిరించాడు. అద్దె 11 వేలు. చేరినప్పుడు 20 వేలు అడ్వాన్సు ఇచ్చాం. మొదట్లో 11 నెలల అగ్రిమెంట్ రాసుకున్నాం, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. మావారు 'మనది కాని ఇంట్లో మనకేం హక్కు, రేపే వెళ్దాం' అంటారు. రాత్రయితే 'అప్పట్లో నాగోల్‌లో ఫ్లాట్ కొందామంటే మీ అన్నయ్య మాట విని వద్దన్నావు' అని గొడవ. మా అన్నయ్యేమో 'అస్సలు కదలొద్దు, ఇంకో మూడేళ్ళుంటే పన్నెండేళ్ళవుతాయి, ఇల్లు మీదే, లేదంటే రెండు లక్షలు అడగండి' అంటాడు. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. ఏం చేయాలి?
- ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, పదిహేను రోజుల్లో మీ సామాను బయట పెట్టే అధికారం బ్రోకర్‌కు లేదు, కొనేవాళ్ళకు లేదు, మీ అంకుల్‌కు కూడా లేదు. ముందు ఈ మాట మీవారికి, అత్తగారికి, అమ్మాయికి చెప్పండి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న గొడవల్లో సగం ఈ పదిహేను రోజుల భయం వల్ల పుట్టినవే.

ఇల్లు చేతులు మారితే అద్దెకున్నవాళ్ళ ఒప్పందం రద్దయిపోదు. ఆస్తి బదలాయింపు చట్టం 1882 నాటిది. అందులో 109వ సెక్షన్ ప్రకారం, ఇల్లు కొన్నవాళ్ళు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు. అద్దె తీసుకునే హక్కు వాళ్ళకు వస్తుంది, ఓనర్‌గా మీ పట్ల ఉండాల్సిన బాధ్యతలూ వస్తాయి. ఇంట్లో అద్దెకున్నవాళ్ళు కనిపిస్తుండగా కొన్నవాళ్ళు 'మాకు తెలియదు' అని కూడా అనలేరు. మీరు ఆ ఇంట్లో ఉన్నారన్న సంగతి తెలిసే కొన్నట్టు చట్టం లెక్క.

అలాగని ఆ ఇంట్లో ఎన్నాళ్ళయినా ఉండవచ్చని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. తెలంగాణలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. సరైన కారణం చూపకుండా ఖాళీ చేయించకుండా అది కాపాడుతుంది. కానీ 2005 సవరణ తర్వాత నగరాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలను దాని నుంచి తప్పించారు. మీ 11 వేల అద్దెకు ఆ రక్షణ దొరకదు. మీ అగ్రిమెంట్ గడువు ఎప్పుడో తీరింది కాబట్టి మీది నెలనెలా సాగుతున్న అద్దె కింద లెక్క. దాన్ని ముగించాలంటే ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఓనర్ సంతకంతో, లేదా వాళ్ళ తరఫు లాయర్ సంతకంతో, రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. బ్రోకర్ చెప్పిన పదిహేను రోజులు ఇక్కడి నుంచే వచ్చాయి. అయితే గుమ్మం దగ్గర నిలబడి నోటితో చెప్పింది నోటీసు కాదు. మీ పాత అగ్రిమెంట్ కాగితం వెతకండి. అందులో రెండు నెలల నోటీసు అని రాసి ఉంటే ఆ షరతు ఇంకా నడుస్తోందని గట్టిగా అడగవచ్చు.

నోటీసు గడువు ముగిసినా మీరు ఖాళీ చేయలేదనుకోండి, అప్పుడు కూడా వాళ్ళు కోర్టుకే వెళ్ళాలి. తాళాలు మార్చడం, మనుషులను పంపడం, కరెంటు, నీళ్ళు ఆపడం, వీటిలో ఏదీ చెల్లదు. అలా చేస్తే, ఆపమని కోర్టు నుంచి ఇంజంక్షన్ (నిలుపుదల ఆదేశం) తెచ్చుకోవచ్చు. బలవంతంగా బయటికి నెడితే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో సంబంధం లేకుండా, ఆరు నెలల్లోపు దావా వేసి మళ్ళీ లోపలికి రావచ్చు. స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్‌లో ఆరో సెక్షన్ ఇందుకే ఉంది. ఎవరైనా మీద మీదకు వస్తే 112కి ఫోన్ చేయండి. మీ వైపు నుంచి మాత్రం అద్దె, కరెంటు బిల్లు ఒక్క రోజు కూడా ఆలస్యం కానివ్వకండి. కోపంతో అద్దె ఆపేస్తే మీ మాటకున్న బలమంతా పోతుంది.

మీ అన్నయ్య సంగతి. ఆయన మీ మీద ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ సలహా మీకు మంచిది కాదు. పన్నెండేళ్ళుంటే ఇల్లు సొంతమవుతుందన్నది అద్దెకున్నవాళ్ళకు వర్తించదు. ఓనర్ అనుమతితో, నెలనెలా అద్దె కడుతూ ఉన్నవాళ్ళు పన్నెండేళ్ళున్నా, ముప్పై ఏళ్ళున్నా అద్దెదారులే. ఈ అపోహ వల్లే మన ఊళ్ళలో ఎందరో ఓనర్లు మంచివాళ్ళను కూడా మూడు నాలుగేళ్ళకే ఖాళీ చేయిస్తుంటారు. 2021లో కొత్త చట్టం వచ్చిందని వీడియోల్లో చెప్పేది కూడా నమ్మి కూర్చోకండి. ఆ ఏడాది కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది ఒక నమూనా చట్టం. దాన్ని రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఇక్కడ చెల్లదు. ఇక కదలకుండా కూర్చుంటే ఏమవుతుంది? సరైన నోటీసు ఇచ్చాక కూడా ఉండిపోయినందుకు, ఆ కాలానికి ఇప్పటి మార్కెట్ అద్దె లెక్కన డబ్బు కట్టమని కోర్టు ఆదేశించవచ్చు. లాయర్ ఫీజు, వాయిదాలు సరేసరి. కొత్త ఓనర్ కింది పోర్షన్‌లో కాపురముంటే, పైన మంచం మీద ఉన్న పెద్దావిడతో, పరీక్షలకు చదివే పిల్లతో రోజూ ఆ ముఖాలు చూస్తూ బతకాలి. రెండు లక్షలకు అంత విలువ లేదు. సామాను తరలించే ఖర్చు అడగండి, అది న్యాయమే. అంతకు మించి అడిగితే మీకే మనసు ఒప్పదు.

మీవారు చెప్పే 'రేపే వెళ్దాం' కూడా సరైంది కాదు. రేపే వెళ్తే దొరికిన ఇల్లే తీసుకోవాలి. అది మూడో అంతస్తు, లిఫ్ట్ లేనిది అయితే అత్తగారిని ఆస్పత్రికి ఎలా దించుతారు? మీకు కావాల్సింది కొన్ని నెలల సమయం. దాన్ని అడిగి తెచ్చుకోవచ్చు, అదీ రిజిస్ట్రేషన్‌కు ముందైతే సులువు. ఎందుకంటే ఇప్పుడు మీ సహకారం ఇద్దరికీ కావాలి. చాలా బేరాల్లో కొనేవాళ్ళు ఇల్లు ఖాళీ అయ్యేదాకా కొంత డబ్బు అట్టిపెట్టుకుంటారు. మీరు ఫలానా తేదీకి వెళ్తామని రాసిస్తే మీ అంకుల్‌కు ఆ డబ్బు వస్తుంది, వాళ్ళకు నిశ్చింత.

ఎన్ని నెలలు అడగాలి? ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా, అంటే మార్చి నెలాఖరు వరకు అడగండి. కొన్నవాళ్ళకు గృహప్రవేశం ముహూర్తం ఉంటుంది కదా. పుష్యంలో ఎలాగూ పెట్టుకోరు. మాఘంలోనే కావాలని పట్టుబడితే మాత్రం, నా సలహా వేరు. మార్గశిరం దాటకముందే మీరు మారిపోవడం మేలు. పరీక్షలకు రెండు వారాల ముందు సామాను సర్దుకోవడం కంటే, రెండు నెలల ముందే కొత్త ఇంట్లో కుదురుకోవడం పిల్లకు మంచిది. మీ అత్తగారికి శూన్యమాసం పట్టింపు ఉంటే ఆ ఇబ్బందీ తీరుతుంది. కాలేజీకి ఒకే బస్సులో వెళ్ళేంత దూరంలో, కింద పోర్షనో లిఫ్ట్ ఉన్న ఇల్లో చూడండి. వెస్టర్న్ టాయిలెట్ ఉందో లేదో, తలుపులోంచి వీల్‌చైర్ పడుతుందో లేదో అడ్వాన్సు ఇచ్చే ముందే చూసుకోండి.

ఇక మీ అడ్వాన్సు సంగతి. ఇల్లు అమ్మినంత మాత్రాన మీ అంకుల్ బాధ్యత తీరిపోదు. కొత్త ఓనరే బాధ్యుడని మీరు ఒప్పుకుంటే తప్ప, పాత ఓనర్ బాధ్యత అలాగే ఉంటుందని అదే 109వ సెక్షన్ చెబుతోంది. అందుకే, 'అడ్వాన్సు కొత్తవాళ్ళకు ఇచ్చేశాం, వాళ్ళ దగ్గరే తీసుకోండి' అని నోటిమాటగా అంటే తల ఊపకండి. మీ 20 వేలు ఇప్పుడే తిరిగి ఇవ్వాలి, లేదా కొత్త ఓనర్ తనకు ముట్టిందని, మీరు వెళ్ళేటప్పుడు ఇస్తానని సంతకం చేయాలి, లేదా చివరి నెలల అద్దెలో సర్దుకోవడానికి ముగ్గురూ ఒప్పుకోవాలి. ఏది కుదిరినా కాగితం మీద ఉండాలి.

అద్దె ఎవరికి కట్టాలన్నది కూడా తేల్చుకోవాలి. అగ్రిమెంట్ ఆఫ్ సేల్ (అమ్మకం ఒప్పందం) రాసుకున్నంత మాత్రాన ఎవరూ ఓనర్ అయిపోరు. సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) రిజిస్టర్ కావాలి. అప్పటిదాకా అంకుల్‌కే కట్టండి. రిజిస్టరయ్యాక సేల్ డీడ్ కాపీ చూపించమని అడగండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీసి చూసినా తెలుస్తుంది. అమ్మకం సంగతి మీకు తెలియజేయకముందు పాత ఓనర్‌కు కట్టిన అద్దెను కొత్తవాళ్ళు మళ్ళీ అడగలేరు. ఇకపై చేతికి నగదు ఇవ్వకండి. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి, ఏ నెల అద్దో అందులో రాయండి.

ఈ ఆదివారం మీరిద్దరూ కలిసి కిందకి వెళ్ళండి. మీరొక్కరే వెళ్ళొద్దు, మీవారిని ఒక్కరినే పంపొద్దు. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ బాధగా అనిపించింది ఆంటీ విషయం. తొమ్మిదేళ్ళ కలివిడి తర్వాత బ్రోకర్ ద్వారా తెలియడం మనసును కోస్తుంది. ఆ బాధను దాచుకోనక్కర్లేదు. 'ఆంటీ, మీ ఇల్లు మీ ఇష్టం. అమ్ముకోవద్దనడానికి మేమెవరం? కానీ ముందు మీ నోటి వెంట ఒక్క మాట వస్తుందని అనుకున్నాను' అని చెప్పండి. పెద్దవాళ్ళు ఇల్లు అమ్ముకుంటున్నారంటే వెనక ఏదో ఉంటుంది. అప్పో, ఆరోగ్యమో, పిల్లల ఒత్తిడో. మీకు ముఖం చూపించలేక బ్రోకర్‌ను ముందుకు తోసి ఉండవచ్చు. కారణం వింటే మీకు కొంత తేలికవుతుంది. ఆ తర్వాత తేదీ, అడ్వాన్సు మాట్లాడండి. మాట్లాడిన రాత్రే ఆ విషయాలన్నీ తేదీలతో సహా వాట్సాప్‌లో అంకుల్‌కు పంపండి, ఒక ప్రతి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచండి. ఇది అపనమ్మకం కాదు. పెద్ద వయసులో ఇచ్చిన మాట మరిచిపోతే ఇద్దరికీ సాక్ష్యం ఉంటుంది.

మీవారి మాటలు. నాగోల్ ఫ్లాట్ గురించి ఆయన ప్రతి రాత్రీ తీస్తున్నారంటే, ఆ కోపం మీ అన్నయ్య మీదో మీ మీదో మాత్రమే కాదని నాకనిపిస్తోంది. ఇన్నేళ్ళు కష్టపడినా తల్లిని, కూతురిని సొంత గూట్లో పెట్టలేకపోయానన్న బాధ అందులో ఉంది. 'మనకేం హక్కు' అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. అందుకని మీరు నింద భరించాలని కాదు. గొడవ మొదలవగానే జవాబు చెప్పకుండా, పగటి పూట, అమ్మాయి కాలేజీకి వెళ్ళాక కూర్చోబెట్టి చెప్పండి. 'అప్పుడు మనిద్దరం కలిసి తీసుకున్న నిర్ణయం అది. తప్పయితే ఇద్దరిదీ. ఇల్లు దొరికేదాకా ఆ మాట ఎత్తొద్దు, నేనూ ఎత్తను.' ఆయనకు ఒక పని పూర్తిగా అప్పగించండి. ఇళ్ళు చూడటమో, కొనేవాళ్ళతో మాట్లాడటమో. అన్నయ్యకు మీరే ఫోన్ చేసి నిర్ణయం మేమిద్దరం తీసుకుంటామని మర్యాదగా చెప్పండి. మీ అన్నయ్యకు మీవారు జవాబు చెప్పే పరిస్థితి రానివ్వకండి, అక్కడే పుల్లవిరుపు మాటలు మొదలవుతాయి.

అత్తగారి దగ్గర దాచకండి. మంచం మీద ఉన్నవాళ్ళకు ఇంట్లో గుసగుసలన్నీ వినిపిస్తాయి, తన వల్లే ఇల్లు దొరకడం లేదని కుమిలిపోతారు. అమ్మాయికి కూడా ఒక్కసారి స్పష్టంగా చెప్పి, ఆ టెన్షన్ తనది కాదని చెప్పండి. నిద్ర లేకపోవడం ఇంకో వారం పది రోజులు సాగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కు, 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

లాయర్ నోటీసు వస్తే మాత్రం చించేయొద్దు, తీసుకోకుండా తిప్పి పంపొద్దు. దాన్ని తీసుకుని ఎల్బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆదాయం ఎంతున్నా మహిళలకు అక్కడ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 1987 చట్టం ఆ హక్కు ఇచ్చింది. ముందుగా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి అడగవచ్చు. అద్దె కట్టిన రుజువులు, కరెంటు బిల్లులు, పాత అగ్రిమెంట్, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు ఒక ఫైల్లో పెట్టుకుని వెళ్ళండి.

కొత్త ఇంటికి అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఇల్లు అమ్మితే కనీసం మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని, అడ్వాన్సు తాళాలు ఇచ్చిన రోజే తిరిగి ఇవ్వాలని రెండు వాక్యాలు రాయించండి. పదకొండు నెలలు కాగానే రెన్యువల్ చేయించుకోవడం ఈసారి మీరే గుర్తు పెట్టుకోండి.