పేరున్న కార్టూన్ హీరో ఉంటే గేమ్ హిట్టయిపోతుందా? కౌంటర్ వెనక నిలబడి చూసిన సంగతి

మీ ప్రశ్న ఇది: "ప్రపంచమంతా తెలిసిన కార్టూన్ బొమ్మ హీరో, పెద్ద బడ్జెట్, పేరున్న డిజైనర్. ఇలాంటి వీడియో గేమ్ కూడా ఫ్లాప్ అవుతుందా?"

అవుతుంది. ఒక గేమ్ హిట్టవడం, దాని రెండో భాగం బోల్తా కొట్టడం, రెండూ నేను ఒకే కౌంటర్ వెనక నిలబడి చూశాను.

నాన్నగారి ఉద్యోగం వల్ల గ్రీన్ కార్డు మీద 2008లో డాలస్ వచ్చాం. కాలేజీలో చదువుతూ 2010 నుంచి మూడేళ్లు ఒక మాల్‌లోని గేమ్ షాపులో పార్ట్ టైమ్ చేశాను. కొత్త గేమ్‌లు అమ్మేవాళ్లం, ఆడేసిన డిస్కులు తిరిగి కొనేవాళ్లం. ఏ గేమ్ సత్తా అయినా అమ్మిన రోజు కంటే తిరిగి కొన్న రోజే బాగా తెలిసేది.

నేను చెప్పేది 'ఎపిక్ మిక్కీ' గురించి. 2010 నవంబర్ 30న నింటెండో కంపెనీ 'వీ' కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె) మీద వచ్చింది. చేసింది వారెన్ స్పెక్టర్. 'డ్యూస్ ఎక్స్' లాంటి సీరియస్ గేమ్ తీసిన మనిషి మిక్కీ మౌస్‌తో గేమ్ చేస్తున్నాడంటే మా షాపులో పాతికేళ్లు దాటిన వాళ్లు కూడా చెవులు రిక్కించారు. ఆస్టిన్‌లోని ఆయన స్టూడియో జంక్షన్ పాయింట్‌ను డిస్నీ 2007లోనే కొనేసింది. కథ కూడా మామూలుది కాదు. మిక్కీ కంటే ముందు, 1927లో, వాల్ట్ డిస్నీ ఆస్వాల్డ్ అనే కుందేలు బొమ్మను తయారుచేశాడు. హక్కులు యూనివర్సల్ స్టూడియోవి కావడంతో మరుసటి ఏడే అది ఆయన చేజారిపోయింది. 2006లో డిస్నీ ఆ కుందేల్ని వెనక్కి తెచ్చుకుంది, బదులుగా అల్ మైకేల్స్ అనే స్పోర్ట్స్ కామెంటేటర్‌ను యూనివర్సల్ సోదర సంస్థ ఎన్‌బీసీ టీవీకి వదిలేసింది. కుందేలుకు మనిషి మారకం! అలా తిరిగొచ్చిన ఆస్వాల్డ్ ఈ గేమ్‌లో, అందరూ మర్చిపోయిన కార్టూన్ బొమ్మలుండే లోకాన్ని ఏలుతూ, తనకు దక్కాల్సిన పేరంతా మిక్కీ కొట్టేశాడని కుళ్లుకుంటూ ఉంటాడు.

ఆ క్రిస్మస్‌కు డిస్కులు అలా పెడితే ఇలా పోయాయి. ఆ సెలవుల సీజన్‌లో అమెరికాలో సుమారు 13 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. మన సినిమా భాషలో చెప్పాలంటే ఓపెనింగ్స్ అదిరిపోయాయి. మాకు కష్టపడి చెప్పాల్సిన పనే ఉండేది కాదు. అట్ట మీద మిక్కీ బొమ్మ చూసి అమ్మమ్మలు, నానమ్మలు నేరుగా తీసుకొచ్చి కౌంటర్ మీద పెట్టేవాళ్లు.

జనవరి రెండో వారంలో ఒక పెద్దావిడ ఎనిమిదేళ్ల మనవడితో వచ్చింది. ఆ డిస్కు మూడు వారాల క్రితం నేను అమ్మిందే, బిల్లు కూడా పెట్టెలోనే మడిచి ఉంది. 50 డాలర్లు పెట్టి కొన్నదానికి 20 లోపే వస్తుందంటే ఆవిడ నిట్టూర్చి సరే అంది. ఎందుకు ఇచ్చేస్తున్నావని పిల్లాణ్ని అడిగాను. "గోడే కనిపిస్తుంది, నేను కనిపించను" అన్నాడు. ఆ గేమ్ కెమెరా (అంటే తెర మీద మనకు చూపించే కోణం) గురించి రివ్యూలన్నీ పేజీల కొద్దీ రాసింది వాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు. వీ రిమోట్‌ను ఊపితే మిక్కీ గిరగిరా తిరగాలి, బీ బటన్ నొక్కితే రంగు చిమ్మాలి, జెడ్ బటన్ నొక్కితే రంగును కరిగించే థిన్నర్‌తో చెరిపేయాలి. ఐడియా బ్రహ్మాండం. కానీ దూకబోయే చోటు కనిపించకపోతే పిల్లాడు ఏం చేస్తాడు? ఆ నెలలో అలాంటి డిస్కులు ఎన్నో తిరిగొచ్చాయి. పక్కపక్కనే, సెకండ్ హ్యాండ్ అరలో, మిక్కీలు బారులు తీరారు.

అదే అరలో 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్ వీ' కోసం వెతికితే ఒక్కటి దొరకడం గగనం. అది 2009 నవంబర్‌లో వచ్చింది, ప్రపంచం మొత్తం మీద 3 కోట్లు దాటి అమ్ముడైంది. కొన్నవాళ్లు దాన్ని వదిలేవాళ్లే కాదు.

తేడా ఎక్కడ ఉందో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. మారియో అనగానే దూకుతాడు. సోనిక్ అనగానే పరిగెత్తుతాడు. ఆ బొమ్మలు గేమ్‌లోనే పుట్టాయి, కాబట్టి వాటి పేరులోనే ఆడాల్సిన పని ఉంది. మరి మిక్కీ అనగానే? చెయ్యి ఊపుతాడు. మిక్కీ తెలియనివాడు ఉండడు గానీ మిక్కీగా ఏం ఆడాలో ఎవరికీ తెలియదు. పైగా ఆ రోజుల్లో టీవీలో 'మిక్కీ మౌస్ క్లబ్‌హౌస్' వస్తుండేది, నాలుగేళ్ల పిల్లల కోసం. దాంతో తల్లులు వచ్చి "మా వాడికి నాలుగేళ్లు, ఆడగలడా?" అని అడిగేవాళ్లు. ఆడలేడు. గేమ్ కష్టమైనదే. మరోవైపు దాన్ని నిజంగా ఆడగల పదమూడేళ్ల కుర్రాడు స్నేహితుల ముందు మిక్కీ పెట్టె పట్టుకోవడానికి సిగ్గుపడేవాడు. బొమ్మకున్న పేరు జనాన్ని షాపుదాకా లాక్కొచ్చింది, నిజమే. కానీ వచ్చినవాళ్లలో చాలామంది ఆ గేమ్ ఆడాల్సినవాళ్లు కాదు.

రెండో భాగం 2012 నవంబర్‌లో వచ్చింది. ఈసారి ఒక్క వీతో ఆపలేదు. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360, వీ తర్వాతి కన్సోల్ వీ యూ, ఇలా అన్నింటికీ వదిలారు. మాటలు, పాటలు, ఇద్దరు కలిసి (ఒకరు మిక్కీ, ఇంకొకరు ఆస్వాల్డ్) ఆడే అవకాశం, అన్నీ చేర్చారు. ఇద్దరు ఉంటే పర్లేదు. మా పిన్ని కొడుకు ఇంటికెళ్లిపోయాక ఒక్కణ్నే కూర్చుంటే ఆస్వాల్డ్‌ను కంప్యూటర్ నడిపేది. నేను తలుపు దగ్గర ఎదురుచూస్తుంటే అది ఇంకెక్కడో తచ్చాడుతుండేది. మా షాపులో పెద్ద అట్టబొమ్మ పెట్టి, చుట్టూ పెట్టెలు పేర్చాం. క్రిస్మస్ లోపే రేటు తగ్గించి స్టిక్కర్లు అంటించింది కూడా నేనే. అప్పటికి వీ వయసైపోయింది, చిన్న పిల్లల చేతుల్లోకి ట్యాబ్లెట్లు వచ్చేశాయి. మొదటి భాగం తిరిగిచ్చేసిన నానమ్మలు రెండోది ఎందుకు కొంటారు?

2012 చివరికి అమెరికాలో అమ్మకాలు సుమారు 2 లక్షల 70 వేలు. 2013 జనవరి చివర్లో జంక్షన్ పాయింట్‌ను మూసేశారు. ఆ రోజు షాపులో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మా ఊరికి మూడు గంటల దూరంలోనే ఆ ఆఫీసు.

ఇంకో సంగతి. "ఇన్ని లక్షల కాపీలు షిప్ చేశాం" అని కంపెనీ ప్రకటిస్తే అమ్ముడైపోయాయని అనుకోకండి. అవి షాపుదాకా వచ్చాయి, అంతే. మిగిలిపోయిన స్టాకుకు రేటు తగ్గించాల్సి వస్తే ఆ తేడా మామూలుగా పబ్లిషరే, అంటే గేమ్‌ను విడుదల చేసిన కంపెనీయే, సర్దాలి. షాపు వాటా, కన్సోల్ కంపెనీ రాయల్టీ, డిస్కు ఖర్చు పోగా మిగిలేదే తక్కువ, అందులోంచి ఇదొకటి. బొమ్మ సొంతది కాకపోతే లైసెన్సు డబ్బు అదనం.

అదే 2012లో మా షాపులో కాసులు కురిపించింది 'స్కైలాండర్స్' అనే గేమ్. స్పైరో అనే పాత డ్రాగన్ బొమ్మతో మొదలైంది. ప్లాస్టిక్ బొమ్మను పీఠం మీద పెడితే అది టీవీలోకి వచ్చేస్తుంది. పిల్లలకు స్పైరో ఎవరో కూడా తెలియదు, అయినా శనివారం వస్తే బొమ్మల కోసం గోల. అది చూసి డిస్నీ కూడా 2013లో 'ఇన్ఫినిటీ' మొదలుపెట్టింది. తన దగ్గరున్న హీరోలందర్నీ దింపింది. 2016లో దాన్నీ ఆపేసింది. గొప్ప పేరున్న బొమ్మలన్నీ వరసగా నిలబడ్డా అది నిలవలేదు.

2024 సెప్టెంబర్‌లో మొదటి భాగాన్నే కొత్తగా చేసి 'ఎపిక్ మిక్కీ: రీబ్రష్డ్' పేరుతో విడుదల చేశారు. మా అమ్మాయి కోసం కొన్నాను. కెమెరా బాగుచేశారు, గోడల బాధ చాలావరకు పోయింది. రెండు గంటలు ఆడి, "నాన్నా, ఈ కుందేలు మంచిదా చెడ్డదా?" అని అడిగింది. ఆ తర్వాత వేరే గేమ్‌లోకి వెళ్లిపోయింది. నచ్చిందో లేదో నేను తేల్చలేకపోయాను. డిజిటల్ కాపీ కదా, నచ్చకపోయినా తిరిగిచ్చే కౌంటర్ లేదు. కాబట్టి మీరు అడిగినలాంటి గేమ్ కొత్తగా ఏది వచ్చినా నేనైతే ఒక్కటే చూస్తాను: ఆన్‌లైన్ స్టోర్‌లో దాని మీద సగం ధర డిస్కౌంట్ ఎన్నో వారానికి పడుతుందో.