టెక్ సందేహాలు: పాతిక నిమిషాల గంట ఎందుకు మోగడం లేదు?

ప్రశ్న: ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని గ్రూప్-2కు చదువుకుంటున్నాను. 25 నిమిషాల చదువు, 5 నిమిషాల విరామం చొప్పున లెక్కపెట్టే యాప్ ఒకటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకున్నాను. స్క్రీన్ ఆరిపోయాక చాలాసార్లు అది మోగడం లేదు. మోగిన రోజున, ఆపడానికని ఫోన్ చేతిలోకి తీసుకుంటే అరగంట వాట్సాప్‌లో పోతోంది. యాప్ మార్చాలా, ఫోనే మార్చాలా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: రెండూ మార్చనక్కర్లేదు. మొదటిది సెట్టింగుల సమస్య. బ్యాటరీని ఆదా చేయడానికి ఆండ్రాయిడ్, స్క్రీన్ ఆరిన కొంతసేపటికి వెనుక నడుస్తున్న యాప్‌లను నిద్రపుచ్చుతుంది, ఆ నిద్రలోనే మీ టైమర్ కూడా ఆగిపోతోంది. సెట్టింగ్స్‌లోని యాప్స్‌లో ఆ యాప్‌ను తెరిచి, బ్యాటరీ అనే చోట ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఎంచుకోండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, కచ్చితమైన సమయానికి మోగడానికి ‘అలారమ్స్ అండ్ రిమైండర్స్’ అనే అనుమతి వేరుగా ఉంటోంది, అది కూడా ఇచ్చారో లేదో చూసుకోండి. ‘డూ నాట్ డిస్టర్బ్’ పెట్టుకుని చదివే అలవాటు ఉంటే మరో చిక్కు ఉంది: అలారాలను ఆ ఏర్పాటు మామూలుగా అడ్డుకోదు గానీ, కొన్ని టైమర్ యాప్‌లు అలారానికి బదులు సాధారణ నోటిఫికేషన్ పంపుతాయి కనుక వాటి చప్పుడు వినిపించదు. ఫోన్‌తోపాటు వచ్చిన క్లాక్ యాప్‌లోని టైమర్‌తో ఈ బాధలేవీ ఉండవు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆలోచింపజేసింది రెండో సమస్య. ఈ పద్ధతికి మూలపురుషుడైన ఫ్రాన్సెస్కో సిరిల్లో 1980ల చివర్లో ఇటలీలో విద్యార్థిగా ఉన్నప్పుడు, చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు టైమర్‌ను ముందు పెట్టుకున్నారు. ఇటాలియన్‌లో టమాటాను పొమొదోరో అంటారు కాబట్టి పద్ధతికి ఆ పేరే వచ్చింది. 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, అలా నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం అనే లెక్క అందరూ చెబుతారు. ఆ టమాటాకు గంట కొట్టడం తప్ప వేరే పని చేతకాదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మనం ఆ గంటను తీసుకెళ్లి వాట్సాప్, రీల్స్ ఉన్న పరికరంలోనే పెట్టుకున్నాం, అందుకే గంట ఆపడానికి చాచిన చెయ్యి అక్కడే చిక్కుకుపోతోంది.

కాబట్టి సమయం లెక్కపెట్టే పనిని ఫోన్ నుంచి తప్పించండి. గ్రంథాలయంలో టైమర్ మోగితే పక్కవారికి ఇబ్బంది కనుక, మణికట్టు మీద వణికి ఊరుకునే ఫిట్‌నెస్ బ్యాండ్ మీకు సరిపోతుంది, చాలా బ్యాండ్లలో టైమర్ ఉంటుంది. ఫోన్ సంచిలో ఉండాలి, విరామంలో కూడా బయటికి రాకూడదు. నా బల్ల మీద చెవి తిప్పితే టిక్కుటిక్కుమంటూ వెనక్కి నడిచే ప్లాస్టిక్ టైమర్ ఒకటుంది. అది గణగణమనగానే లేచి డాబా మీదికి వెళ్లి, రేవులోకి పిలుపు కోసం దూరాన లంగరు వేసుకున్న ఓడలు ఎన్నున్నాయో లెక్కపెట్టి వస్తాను. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, కనీసం 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పే మాట కూడా ఆ పనితోనే చాలావరకు నెరవేరుతుంది. మీరు వరండాలోకి నడిచి వెళ్లి, మంచినీళ్లు తాగి, చెట్టు వైపు చూసి వచ్చినా చాలు. విరామంలో మరో స్క్రీన్ చూస్తే కళ్లకు, మెదడుకు మళ్లీ అదే పని పెట్టినట్టవుతుంది తప్ప దాన్ని విశ్రాంతి అనలేం.

ప్రశ్న: ఇంటి నుంచి పని చేస్తాను. క్రోమ్‌లో ఒక ట్యాబ్‌లో టైమర్ వెబ్‌సైట్ తెరిచి, వేరే ట్యాబ్‌లో పని చేసుకుంటుంటే గంట ఆలస్యంగా మోగుతోంది. పైగా కోడ్ రాయడంలో మునిగిపోయినప్పుడు 25 నిమిషాలకే లేవడం చిరాకుగా ఉంది.
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: తప్పు మీ కంప్యూటర్‌ది కాదు. 2021లో వచ్చిన క్రోమ్ 88 నుంచి, అయిదు నిమిషాలకు పైగా కంటికి కనబడకుండా, చప్పుడు చేయకుండా ఉన్న ట్యాబ్‌లోని టైమర్లను బ్రౌజర్ నిమిషానికి ఒకసారి మాత్రమే మేల్కొలుపుతోంది. గడియారాన్ని చూసి లెక్క సరిచేసుకునే వెబ్‌సైట్ అయితే మహా అయితే నిమిషం ఆలస్యమవుతుంది. మేల్కొన్న ప్రతిసారీ ఒక సెకను తీసివేసే నాసిరకం వెబ్‌సైట్ అయితే నిమిషం గడిచినా దాని లెక్కలో ఒక్క సెకనే తగ్గుతుంది. ఆ ట్యాబ్‌ను ప్రత్యేక విండోగా విడదీసి, పూర్తిగా కప్పబడకుండా తెర మూలన ఉంచండి. విండోస్ 11 ఉంటే ఇంకా మేలు: క్లాక్ యాప్‌లోని ‘ఫోకస్ సెషన్స్’ ఈ పనికే ఉంది, పని, విరామం నిడివులను అందులోనే మార్చుకోవచ్చు.

25 అనే అంకెను పట్టుకుని వేలాడనవసరం లేదు. కోడ్ రాసేటప్పుడు 50 నిమిషాలు పెట్టుకుని 10 నిమిషాలు లేవండి, ఈమెయిళ్లకు, రిపోర్టులకు 25 ఉంచుకోండి. గంట మోగే వేళకు ఆలోచన మధ్యలో ఉంటే, తర్వాత చేయవలసిన పనిని ఒక్క వాక్యంలో కోడ్‌లోనే కామెంటుగా రాసి లేవండి. తిరిగి వచ్చాక ఎక్కడున్నానా అని వెతుక్కునే పని తప్పుతుంది. విరామాన్ని మాత్రం మానేయకండి, సాయంత్రానికి మెడ, వేళ్లు ఆ బాకీ వసూలు చేస్తాయి.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి ఫోన్‌లో చదువు వేళల్లో రీల్స్ రాకుండా చేయగలమా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: చేయవచ్చు. సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ‘ఫోకస్ మోడ్’ తెరిచి, ఆపవలసిన యాప్‌లను ఎంచి, రోజూ ఏ వేళ నుంచి ఏ వేళ వరకు అన్నది నిర్ణయించండి. ఆ సమయంలో వాటి గుర్తులు బూడిద రంగులోకి మారి తెరుచుకోవు. ఐఫోన్‌లో అయితే ‘స్క్రీన్ టైమ్’లోని ‘డౌన్‌టైమ్’ ఆ పని చేస్తుంది. కానీ ఫోకస్ మోడ్‌ను ఎవరైనా ఆపేయవచ్చు, కాబట్టి మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ యాప్‌లు, ఏ వేళలు అన్నది అతని చేతే పెట్టించండి.