వాంగ్మూలాల కోసం వెతుకుతున్న జూనియర్‌కు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. భూసేకరణ చట్టం మీద పార్లమెంటరీ సంఘం విచారణ జరిపినప్పుడు ఎవరెవరు ఏమేం చెప్పారో, ఆ వాంగ్మూలాల కోసం రెండు రోజులుగా వెతుకుతున్నానని, ఒక్క కాగితమూ దొరకలేదని రాశావు. దొరకవు. అమెరికా కేసులు చదివి వచ్చిన పిల్లలంతా మొదట ఇక్కడే తడబడతారు. అక్కడ కమిటీ విచారణలు చాలావరకు అచ్చయి చేతికొస్తాయి. మన సంఘాలు తలుపులు మూసుకుని కూర్చుంటాయి. లోక్‌సభ నిబంధనల్లో 275వది తీసి చూడు: సాక్ష్యాన్ని సభ ముందు ఉంచేదాకా ఎవరూ ప్రచురించడానికి వీల్లేదు. నివేదిక చివర మినిట్స్ జతచేస్తారు గానీ, ఫలానా తేదీన ఫలానా వారు హాజరయ్యారు, సభ్యుల ప్రశ్నలకు జవాబిచ్చారు, అంతే. ఆ కింద, మాటలన్నీ యథాతథంగా రాసి భద్రపరిచామని ఒక వాక్యం. నలభై ఏళ్లుగా ఆ వాక్యం కనబడినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. సమాచార హక్కు కింద అడుగుతానన్నావు. ఆ చట్టం సెక్షన్ 8(1)(సి)లో, సభ హక్కులకు భంగం కలిగించే సమాచారం ఇవ్వనక్కర్లేదన్న మినహాయింపు ఉంది. దరఖాస్తు రుసుము పది రూపాయలు దాచుకో.

కాబట్టి మనకు మిగిలింది నివేదికే. దాన్ని పట్టుకోవడం కూడా అనుకున్నంత సులువు కాదు. నువ్వు 2013 చట్టం పేరుతో వెతికావు కదా? 2011 సెప్టెంబరులో సభకు వచ్చినప్పుడు దాని పేరు ‘భూసేకరణ, పునరావాస, పునఃస్థాపన బిల్లు’. న్యాయమైన పరిహారపు హక్కు అన్న మాట తర్వాత చేరింది. సంఘం చూసింది పాత పేరున్న బిల్లునే. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం (స్టాండింగ్ కమిటీ), సుమిత్రా మహాజన్ అధ్యక్షత, 31వ నివేదిక, 2012 మే. పక్కనే ‘15వ లోక్‌సభ’ అని కూడా రాసుకో. లోక్‌సభ చూసుకునే సంఘాల నివేదికల నంబర్లు ప్రతి లోక్‌సభకూ ఒకటి నుంచి మొదలవుతాయి. ఉత్త ‘31వ నివేదిక’ అంటే ఏ లోక్‌సభదో ఎవరికీ తెలియదు.

ఇంకో చిక్కు. శాఖల స్థాయీ సంఘాలు ఇరవై నాలుగు. అన్నింట్లోనూ రెండు సభల వాళ్లూ ఉంటారు. కానీ పదహారింటి వ్యవహారం లోక్‌సభ సచివాలయం చూస్తుంది, ఎనిమిదింటిది రాజ్యసభ. ఆరోగ్యం, హోం, న్యాయశాఖల సంఘాలు రాజ్యసభ వైపు. బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టారు గనుక నివేదికా అక్కడే ఉంటుందని కూర్చుంటే తెల్లారిపోతుంది. ముందు పార్లమెంటు బిల్లుల వివరాలు పెట్టే పీఆర్‌ఎస్ అనే పరిశోధన సంస్థ వెబ్‌సైటులో ఆ బిల్లు పేజీ తీసి ఏ సంఘానికి పంపారో చూడు, ఆ తర్వాతే పార్లమెంటు డిజిటల్ లైబ్రరీకి వెళ్లు.

నివేదిక చేతికొచ్చాక చదవడంలో నేను చేసిన తప్పు చెబుతాను. వెనకటికి ఒక కేసులో నివేదిక నుంచి నాలుగు పంక్తులు గంభీరంగా చదివాను. న్యాయమూర్తి ఆపి, ‘ఇది సంఘం మాటా, మంత్రిత్వశాఖ మాటా?’ అన్నారు. నా చేతిలో ఒకే ఒక్క పేజీ ఫొటోస్టాట్. ముందు పేజీ తీయించలేదు. అవి శాఖ కార్యదర్శి ఇచ్చిన జవాబు! మామూలు అక్షరాల్లో ఉన్నది సాధారణంగా శాఖ వివరణ, సాక్షుల వాదన. సంఘం అభిప్రాయం బొద్దు (బోల్డ్) అక్షరాల్లో ఉంటుంది. సాక్షుల మాటలు ఉన్నవున్నట్టు కొన్నిసార్లు దొరికేది ఆ మామూలు అక్షరాల్లోనే. నువ్వు వెతికే వాంగ్మూలాల ముక్కలు అక్కడ ఏరుకోవాలి. నివేదికతో ఏకీభవించని సభ్యులు రాసే అసమ్మతి పత్రాలు వదిలిపెట్టకు. గదిలో ఎక్కడ గొడవ జరిగిందో అవే చెబుతాయి.

నీ కేసుకు ఇంకో మాట. ప్రైవేటు సంస్థల కోసం ప్రభుత్వం భూమి సేకరించకూడదని ఆ సంఘం చెప్పింది. చట్టం ఒప్పుకోలేదు. ప్రైవేటు కంపెనీలకైతే భూమి కోల్పోయే కుటుంబాల్లో 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం సమ్మతి ఉంటే చాలంది. అందుకని సంఘం సిఫారసును చట్టం అన్నట్టు చదవకు. అవతలి లాయరు రెండు నిమిషాల్లో తీసి పారేస్తాడు. ‘ఈ అభ్యంతరం పార్లమెంటు ముందుకు వచ్చింది, దానికి బదులుగానే సమ్మతి నిబంధన పెట్టారు, దాన్ని తేలిగ్గా చూడొద్దు’ అని చదివితే నీకు బలం.

కోర్టు అసలు వింటుందా అని భయపడకు. 2018 మే 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కల్పనా మెహతా కేసులో తేల్చేసింది. మన ఖమ్మం జిల్లా ఆడపిల్లలకు 2009లో వేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ) టీకాల వ్యవహారమే అది. ఆరోగ్య సంఘం 72వ నివేదికను కోర్టు చూడవచ్చా లేదా అన్నది ప్రశ్న. చూడవచ్చు, అస్పష్టంగా ఉన్న చట్టానికి అర్థం చెప్పుకోవడానికి వాడవచ్చు. నివేదికనే తప్పుపట్టకూడదు, వివాదంలో ఉన్న విషయాన్ని దానితోనే రుజువు చేసుకోకూడదు. రుజువు అడగకుండానే కోర్టు గుర్తించాల్సిన విషయాలకు అప్పట్లో సాక్ష్య చట్టం సెక్షన్ 57 చదివేవాళ్లం, ఇప్పుడు కొత్త చట్టమైన భారతీయ సాక్ష్య అధినియంలో అది 52. పాత నంబరు చెప్పి నవ్వులపాలు కాకు.

నిజంగా సాక్షుల గొంతు వినాలనుంటే మాత్రం పాత మద్రాసు రోజులకు వెళ్లాలి. 1937లో ప్రకాశం పంతులు గారి అధ్యక్షతన, జమీందారీ భూముల చట్టం మీద వేసిన ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్ కమిటీ జమీందార్లనూ రైతులనూ పిలిచి విన్నది, ఆ సాక్ష్యాలు అచ్చయ్యాయి. 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం కేసు నీ దగ్గరికి వచ్చినరోజు చెన్నై ఎగ్మోర్ ఆర్కైవ్స్‌కు వెళదాం. దుమ్ముకు నాకు దగ్గొస్తుంది, పుస్తకాలు నువ్వే దించాలి.

31వ నివేదిక మొత్తం ప్రింటు తీయించు. ముక్కలుగా వద్దు. పేజీ నంబర్లు కాదు, పేరా నంబర్లు రాసుకుని ఆదివారం పొద్దున ఇంటికి రా.

ఆశీస్సులతో,
మీ సీనియరు