డాకర్‌లో ఒరాకిల్ ఫీడర్ నడపడం: కంటైనర్ పచ్చగానే ఉంటుంది, ధర పాతబడుతుంది

మీరు అడిగింది ఇదీ: "టెర్రా క్లాసిక్‌లో మా ఫ్రెండ్ వ్యాలిడేటర్‌కి ధరల ఫీడర్‌ని డాకర్‌లో పెట్టి నడపాలి. చిన్న వీపీఎస్ సరిపోతుందా? ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంది, దాంట్లో నడపొచ్చా? దెబ్బ ఎక్కడ తగులుతుంది?"

కొత్తవాళ్ల కోసం ఒక్క ముక్క: టెర్రా క్లాసిక్ ఒక బ్లాక్‌చైన్, దాని నాణెం లూనా క్లాసిక్. అందులో బ్లాకుల్ని సరిచూసి ఆమోదించేది వ్యాలిడేటర్. బయటి ధరల్ని చైన్‌కి చేరవేసే ఏర్పాటు ఒరాకిల్, ఆ పని చేసే ప్రోగ్రామ్ ఫీడర్. డాకర్ ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడుపుతుంది, వీపీఎస్ అంటే అద్దె సర్వర్. ఇదే చైన్‌లో, ఇలాగే ఒక ఫ్రెండ్ వ్యాలిడేటర్‌కి నేను ఏడాది పైనే ఫీడర్ నడిపాను. ఫీడర్ ఒక్కదానికే అయితే 1 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ చాలు. పెద్ద మెషీన్ కావలసింది చైన్ నోడ్‌కి, అంటే చైన్ నెట్‌వర్క్‌లో కలిసి నడిచే కంప్యూటర్‌కి. ల్యాప్‌టాప్ సంగతి చివర్లో చెప్తాను. దెబ్బ మాత్రం మీరు అనుకునే చోట తగలదు. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని, అంతే.

ముందు అసలు ఏం జరుగుతుందో చూడండి. కంటైనర్లు రెండు. ఒకటి ధరల సర్వర్: ఎక్స్ఛేంజీల నుంచి లూనా క్లాసిక్ ధర, ఇంకో చోట నుంచి డాలర్, కొరియా వన్ లాంటి కరెన్సీల మారకపు రేట్లు తెచ్చి 8532 పోర్టులో పెడుతుంది. రెండోది ఫీడర్: ఆ ధర తీసుకుని చైన్ మీద ఓటు వేస్తుంది. 5 బ్లాకులకి ఒక విడత, అంటే సుమారు 30 సెకన్లు. ఈ విడతలో మడిచిన చీటీ వేస్తాం, తర్వాతి విడతలో దాన్ని విప్పి చూపిస్తాం. పక్కవాడి ధర చూసి కాపీ కొట్టకుండా ఈ ఏర్పాటు. అందరి ఓట్లకీ వాళ్ల స్టేక్ (చైన్‌లో పూచీగా పెట్టిన నాణేలు) బరువు కట్టి మధ్యస్థం తీస్తారు. ఆ మధ్యస్థానికి అటూ ఇటూ చిన్న పట్టీ ఉంటుంది. మన ధర ఆ పట్టీ బయట పడితే, ఓటు వేసినా వేయనట్టే లెక్క, మిస్ కౌంటర్‌లో ఒకటి పెరుగుతుంది.

ఇక నేను చేసిన ఘనకార్యం. ధరల సర్వర్ కోడ్‌ని కొంచెం మార్చుకున్నాను. ఎక్స్ఛేంజ్ నుంచి జవాబు రాకపోతే చివరిసారి వచ్చిన ధరే ఇవ్వు అని నాలుగు లైన్లు రాశాను. నెట్ రెండు సెకన్లు తడబడితే ఓటు పోకూడదు కదా, అదీ నా తెలివి. ఒక రాత్రి, నేను మరీ తరచుగా అడుగుతున్నానని ఒక ఎక్స్ఛేంజ్ మా ఐపీని ఆపేసింది. తప్పు నాదే, 5 సెకన్లకోసారి అడుగుతున్నాను. దాంతో ధర అక్కడే గడ్డకట్టింది. విచిత్రం ఏంటంటే మొదటి రెండు గంటలూ మార్కెట్ కదల్లేదు కాబట్టి మా ఓట్లన్నీ సరిగ్గానే పడ్డాయి! తర్వాత లూనా క్లాసిక్ నాలుగు శాతం కదిలింది. మేము మాత్రం పాత ధరనే పట్టుకుని ఓట్లు గుద్దుతున్నాం.

పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, మిస్ కౌంటర్ మూడు వందలు దాటింది, చూస్తున్నావా లేదా?" లేచి చూస్తే డాకర్ లిస్టులో రెండు కంటైనర్లూ 'అప్ 11 డేస్'. లాగ్‌లో ఒక్క ఎర్ర లైను లేదు. ప్రతి విడతా 'ఓటు విజయవంతం' అని వరసగా ఉంది. గంటకి 120 ఓట్లు, మూడు గంటలు. అవన్నీ గంగపాలు.

పెద్ద శిక్ష ఏమీ పడలేదనుకోండి. ఈ చైన్‌లో నియమం చాలా మెత్తన. లెక్కించే గడువులో 5 శాతం ఓట్లు సరిగ్గా పడితే చాలు, అంతకంటే తగ్గితేనే 0.01 శాతం స్టేక్ కోత, జైలు (అంటే వ్యాలిడేటర్‌ని పక్కన పెట్టడం). కానీ డెలిగేటర్లు, అంటే వ్యాలిడేటర్‌కి తమ నాణేలు అప్పగించినవాళ్లు, మిస్ కౌంటర్ చూస్తారు. మా ఫ్రెండ్‌కి ఆ రోజంతా వాళ్లకి జవాబు చెప్పుకోవడంతోనే సరిపోయింది.

ఇదే తప్పు పెద్ద ఎత్తున జరిగితే ఏమవుతుందో ఇదే నాణెం చూపించింది. 2022 మేలో లూనా (ఇప్పటి లూనా క్లాసిక్) కుప్పకూలినప్పుడు చెయిన్‌లింక్ అనే ఇంకో ఒరాకిల్ ఇచ్చే లూనా ధర సుమారు 0.107 డాలర్ల దగ్గర ఆగిపోయింది. బయట ధర అందులో పదో వంతుకి పడిపోయింది. వీనస్ అనే అప్పుల ప్రోటోకాల్ ఆ పాత ధరనే నమ్మింది. జనం చవగ్గా లూనా కొనుక్కొచ్చి తాకట్టు పెట్టి, మంచి నాణేలు అప్పు తీసుకుని వెళ్లిపోయారు. నష్టం కోటి డాలర్ల పైమాటే.

అందుకని ఆ నాలుగు లైన్లూ పీకేసి ఇంకోటి రాశాను: ధర 60 సెకన్ల కంటే పాతదైతే సున్నా వేయి. ఈ ఒరాకిల్‌లో సున్నా అంటే 'నాకు తెలియదు' అని అర్థం. ఓటింగ్‌కి దూరంగా ఉన్నట్టు లెక్కేస్తారు తప్ప మిస్ కింద రాయరు. ఇంత మంచి సదుపాయం ఉందని నాకు మొదటి నాలుగు నెలలూ తెలియదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'పాతది' అన్నదాన్ని ఎలా కొలుస్తారు? నేను మొదట 'పది నిమిషాలుగా అంకె మారకపోతే పాతది' అని రాశాను. శనివారం తెల్లవారుజామున అలారం మోగింది. కంగారుగా లేచి చూస్తే ఏమీ లేదు. శుక్రవారం న్యూయార్క్‌లో సాయంత్రం 5 కొట్టగానే ఫారెక్స్ మార్కెట్ మూసేస్తారు. మనకది శనివారం తెల్లవారుజాము 2:30, వాళ్ల చలికాలంలో 3:30. అక్కణ్ణుంచి సోమవారం దాకా వన్ రేటు కదలదు, కదలకపోవడమే సరైనది. కాబట్టి అంకె మారిందా అని కాదు, చివరిసారి జవాబు ఎప్పుడు వచ్చిందన్న టైమ్ చూడండి. క్రిప్టో ధరకి మాత్రం రెండూ చూడొచ్చు, దానికి సెలవుల్లేవు కదా.

డాకర్‌లో హెల్త్‌చెక్ (కంటైనర్ బాగుందో లేదో అప్పుడప్పుడూ చూసే పరీక్ష) పెట్టాను కదా, అదే చూసుకుంటుంది అనుకోకండి. హెల్త్‌చెక్ తప్పితే డాకర్ 'అన్‌హెల్దీ' అని ముద్ర వేసి ఊరుకుంటుంది, తనంతట తాను రీస్టార్ట్ చేయదు. రీస్టార్ట్ పాలసీ పనిచేసేది ప్రాసెస్ చచ్చిపోయినప్పుడే. అందుకే నేను ధరల సర్వర్‌కి ఒక పని అప్పజెప్పాను: ఐదు నిమిషాలు ఏ ఎక్స్ఛేంజ్ నుంచీ జవాబు రాకపోతే తనే ఆగిపోవాలి. చస్తే డాకర్ మళ్లీ లేపుతుంది. బతికుండి అబద్ధం చెప్తే ఎవరికీ తెలియదు.

రెండో తప్పు అతి జాగ్రత్త వల్ల వచ్చింది. వీపీఎస్ పడిపోతే ఎలా అని ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కూడా అదే కీతో (ఓటు మీద సంతకం చేసే రహస్య సంకేతం) రెండో ఫీడర్ పెట్టాను. రెండూ ఒకేసారి ఓటు వేయబోయి 'అకౌంట్ సీక్వెన్స్ మిస్‌మ్యాచ్' (లావాదేవీల వరస నంబరు కలవలేదు) అని కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అదొక్కటే అయితే సరే. ఇది వేసిన మడత చీటీ మీద అది ఇంకో చీటీ వేస్తుంది, తర్వాత ఇది తన చీటీ విప్పబోతే హ్యాష్ (మడత చీటీలో ఉండే గుర్తు) కలవదు. ఒకటి ఉన్నప్పుడు పడిన ఓట్లు కూడా రెండయ్యాక పడలేదు. రెండోదాన్ని ఆపి ఉంచుకోండి, అవసరం పడితే చేత్తో ఆన్ చేసుకోవచ్చు.

చిన్నవి కొన్ని ఉన్నాయి. వ్యాలిడేటర్ అసలు కీని ఈ మెషీన్ దరిదాపులకి కూడా రానివ్వొద్దు. ఫీడర్‌కి వేరే ఖాతా చేసి, ఓటు వేసే హక్కు మాత్రమే దానికి అప్పగించే లావాదేవీ ఒకటి ఉంది, మీ ఫ్రెండ్ దాన్ని ఒకసారి చేస్తే చాలు. ఆ ఖాతాలో కాసిని నాణేలు మించి ఉంచకండి. కీ ఫైల్‌ని వాల్యూమ్‌లో (కంటైనర్ పోయినా నిలిచే నిల్వ) పెట్టండి, లేకపోతే కంటైనర్ తీసి మళ్లీ పెట్టినప్పుడు కీ కూడా పోతుంది. 8532 పోర్టుని బయటికి పబ్లిష్ చేయకండి. డాకర్ పబ్లిష్ చేసిన పోర్టు యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ గోడ దాటుకుని బయటికి కనిపిస్తుంది, చాలామందికి ఇది తెలియదు. డాకర్ లాగ్ ఫైళ్లకి మామూలుగా సైజు హద్దు ఉండదు, కాబట్టి హద్దు పెట్టండి. నేను పెట్టక 20 జీబీ డిస్క్ నిండిపోయింది. ఇమేజ్‌కి (కంటైనర్ తయారయ్యే అచ్చు) 'లేటెస్ట్' అని కాకుండా వెర్షన్ నంబరు రాయండి.

సర్వర్ ఏ దేశంలో ఉందన్నది కూడా ముఖ్యమే. చవగ్గా వచ్చిందని మొదట అమెరికాలో తీసుకుంటే ఒక ఎక్స్ఛేంజ్ 451 కోడ్‌తో 'మీ ప్రాంతానికి ఇవ్వం' అని మొహం మీద తలుపేసింది. మన దేశం గ్యారంటీ అని కూడా లేదు. 2023 డిసెంబర్ 28న ఆర్థిక శాఖ కింద ఉండే ఎఫ్‌ఐయూ (ఆర్థిక నిఘా విభాగం) 9 విదేశీ ఎక్స్ఛేంజీలకి నోటీసులిచ్చింది, బైనాన్స్, కుకాయిన్, క్రాకెన్ అందులోవే. జనవరిలో వాటి సైట్లు ఇక్కడ బ్లాక్ అయ్యాయి. తర్వాత కొన్ని రిజిస్టర్ చేసుకుని తిరిగొచ్చాయి. ఒక్క ఎక్స్ఛేంజ్ మీద ఆధారపడితే అలాంటి రోజున మీ ధరల సర్వర్ ఖాళీ. కనీసం మూడు పెట్టండి, మూడింటి మధ్యస్థం తీయండి.

డబ్బుల సంగతి ఒక్క ముక్క. నాణేలు అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను, 2022 జూలై నుంచి 1 శాతం టీడీఎస్. ఆ లాభంలోంచి సర్వర్ అద్దె మినహాయించుకోవడానికి లేదు. ఫ్రెండ్ కోసం చేస్తున్నారా, సంపాదన కోసమా అన్నది ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. మేము మాట్లాడుకోలేదు, వీపీఎస్ బిల్లు ఏడాది పాటు నేనే కట్టాను.

ఇక ల్యాప్‌టాప్. ఫీడర్‌కి వద్దు. మా ఇంట్లో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉండేది, రౌటర్ ఆరిపోయేది. కానీ పారేయకండి. కాపలాకి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది. నాది చైన్‌ని నేరుగా అడిగి మా మిస్ కౌంటర్ ఎంతో ఐదు నిమిషాలకోసారి చూస్తుంది, ముందటి అంకె కంటే పది పెరిగితే ఫోన్‌కి టెలిగ్రామ్ మెసేజ్ పంపుతుంది. ఫీడర్ లాగ్‌ని అది చూడనే చూడదు.