బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో అత్యధిక హిట్లు కొట్టినవాడే ఆ ఏడాది మేటి బ్యాటర్ అనుకోవచ్చా?

అనుకోనక్కర్లేదు. మీరు క్రికెట్‌లో సీజన్ మొత్తం పరుగులతో పోల్చి అడిగారు కాబట్టి చెబుతున్నాను, నేనూ మొదట అలాగే పొరబడ్డాను. ఉద్యోగరీత్యా సియాటిల్ వచ్చిన కొత్తలో, 2004 సెప్టెంబర్‌లో, సహోద్యోగులు నన్ను అక్కడి బేస్‌బాల్ జట్టు మారినర్స్ ఆటకు తీసుకెళ్లారు. ఆ జట్టు బ్యాటర్ ఇచిరో సుజుకి పేరు పక్కన 200 దాటిన అంకె చూసి అవి పరుగులనుకున్నాను. నిజానికి బ్యాటర్ బంతిని కొట్టి, ఫీల్డర్ తప్పిదం సాయం లేకుండా కనీసం మొదటి బేస్ (పరుగెత్తి చేరాల్సిన నాలుగు మజిలీల్లో మొదటిది) చేరితే అది ఒక హిట్. ప్రేక్షకుల మధ్య పడిన హోమ్ రన్‌కూ, దొర్లుకుంటూ వెళ్లిన బంతికి పరుగెత్తి మొదటి బేస్ వరకే సాధించిన సింగిల్‌కూ ఈ లెక్కలో విలువ ఒకటే. ఫీల్డర్ చేజార్చిన బంతి హిట్ కిందికి వస్తుందా, ఎర్రర్ (ఫీల్డర్ తప్పిదం) కిందికి వస్తుందా అన్నది అధికారిక స్కోరర్ నిర్ణయం.

ఒక సీజన్‌లో అత్యధిక హిట్లకు జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన 257 రికార్డును ఇచిరో ఆ ఏడాదే అక్టోబర్ 1న టెక్సాస్ రేంజర్స్‌పై దాటాడు. టికెట్ దొరకక నేను ఇంట్లో టీవీలోనే చూశాను. మొదటి ఇన్నింగ్స్‌లో సమం చేసి, మూడో ఇన్నింగ్స్‌లో మైదానం మధ్యగా సింగిల్ కొట్టిన తరువాత అతను ప్రేక్షకుల వైపు నడిచి, అక్కడ కూర్చున్న సిస్లర్ కుమార్తెను పలకరించిన దృశ్యం నాకింకా గుర్తుంది. సీజన్ ముగిసేసరికి 262 హిట్లయ్యాయి, వాటిలో 225 సింగిల్సే.

అయితే ఆ 262 కోసం అతనికి 704 ఎట్-బ్యాట్లు (లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు) పట్టాయి. జట్టుకు 154 ఆటలే ఉన్న రోజుల్లో సిస్లర్ 631 ఎట్-బ్యాట్లలోనే 257 కొట్టాడు. అంటే ఒక్కో ఎట్-బ్యాట్‌కు హిట్ల సగటు ఇచిరోకు .372, సిస్లర్‌కు .407. వరుసలో ముందుగా దిగేవాడికి, అన్ని ఆటలూ ఆడేవాడికి, నిర్ణీత పరిధికి బయట పడే బంతులను, అంటే బాల్స్‌ను, వదిలేయకుండా బ్యాటు ఊపేవాడికి హిట్ల పట్టికలో సహజంగానే మొగ్గు ఉంటుంది. నాలుగు బాల్స్ పడి వాక్ దొరికితే బేస్ దక్కుతుంది గానీ హిట్ రాదు, ఎట్-బ్యాట్ కూడా లెక్కకు రాదు.

అదే 2004లో, మేజర్ లీగ్ బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో హిట్ల అగ్రస్థానం 221తో హువాన్ పియెర్‌ది, సగటు .326. సగటులో అగ్రస్థానం .362తో బ్యారీ బాండ్స్‌ది, అతని హిట్లు 135 మాత్రమే, ఎందుకంటే పిచర్లు (బంతి విసిరేవాళ్లు) అతనికి ఏకంగా 232 వాక్‌లు ఇచ్చారు. బాండ్స్ కన్నా పియెర్ మేటి అని ఎవరూ అనరు. టెడ్ విలియమ్స్ అంతటివాడు సైతం ఒక్క సీజన్‌లోనూ 200 హిట్లు చేరుకోలేదు, కారణం మళ్లీ వాక్‌లే.

అందుకని నేను హిట్ల పక్కనే ఎట్-బ్యాట్లు, వాక్‌ల వరుసలు చూడనిదే మనసులో ఏ తీర్పూ ఇవ్వను. మీరు పాత పట్టికలు తిరగేస్తుంటే 1887 దగ్గర మాత్రం జాగ్రత్తపడండి. ఆ ఒక్క ఏడాది వాక్‌లను కూడా హిట్లుగా లెక్కించారు.