అక్కడ తెల్లారేది ఏడింటికి

ప్రశ్న: వచ్చే నెల సింగపూర్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. నలభై రోజులు ఉంటాం. నాకు రోజూ అయిదున్నరకు నడక, వారానికి మూడు రోజులు షటిల్ అలవాటు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అక్కడ మాల్స్ తప్ప ఏమీ ఉండవంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అలా అన్నవాళ్లు మాల్‌లోంచి బయటికి వచ్చి ఉండరు. బడిలో డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఏళ్లు ఈల ఊదినవాణ్ణి, మూడుసార్లు మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చినవాణ్ణి. నాకు తెలిసింది చెబుతాను.

ముందు మీ అయిదున్నర సంగతి. అక్కడ ఏడాది పొడుగునా తెల్లారేది ఏడింటి ప్రాంతంలోనే. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అంటే, అలవాటు ప్రకారం మెలకువ వచ్చేసరికి అక్కడ ఎనిమిదవుతుంది. మొదటి రోజు నేను అలాగే బయల్దేరాను. తొమ్మిదయ్యేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చింది. మూడో రోజు నుంచి ఏడింటికల్లా గడప దాటేవాణ్ణి.

మా అమ్మాయివాళ్లు ఉండేది బిషాన్ దగ్గర. అక్కడి పెద్ద పార్కులో ఒకప్పుడు కాంక్రీటు కాలువ ఉండేదట. దాన్ని తవ్వి, రాళ్లూ మొక్కలూ పెట్టి, వంపులు తిరిగే నదిగా 2012లో మార్చారు. ఇప్పుడు అందులో నీటికుక్కలు ఈదుతుంటాయి. ఒడ్డున చైనా పెద్దావిడలు మెల్లగా చేతులు తిప్పుతూ తాయ్‌చీ చేస్తుంటారు. వెనక వరసలో నిలబడి నేనూ చెయ్యడం మొదలుపెట్టాను. ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో రోజు ముందు నిలబడ్డావిడ వెనక్కొచ్చి నా మోచెయ్యి సరిచేసి వెళ్లింది. జీవితమంతా పిల్లల మోచేతులు సరిచేసినవాణ్ణి నేను! మీ ఆవిడకు ఇది బాగా సరిపోతుంది. గెంతులేం ఉండవు.

ఆవిడతో కలిసి నడవాలంటే బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్లండి. 1859 నాటి తోట, టికెట్ లేదు, ఆర్కిడ్ తోటకు మాత్రం ఉంది. మెక్‌రిచీ అడవిలో చెట్ల మీదుగా 250 మీటర్ల వేలాడే వంతెన ఉంది కానీ, అక్కడికి చేరాలంటే చాలా నడవాలి, మెట్లూ ఉన్నాయి. మీరొక్కరే వెళ్లండి. సోమవారం మూసేస్తారు. కోతులుంటాయి. తిరుమల మెట్ల దారి గుర్తుంచుకుని, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకోకండి.

ఈత వస్తే ప్రభుత్వ ఈతకొలనులు చాలాచోట్ల ఉన్నాయి. బయటివాళ్లకు టికెట్ కాస్త ఎక్కువ, అయినా భారమేం కాదు. బనియను, నిక్కరుతో దిగుతానంటే ఒప్పుకోరు. నన్ను గట్టు మీదే ఆపేశారు. ఈత దుస్తులు కొనుక్కుని మర్నాడు వెళ్తే, పావుగంటకే మెరుపులొస్తున్నాయని కాపలా కుర్రాడు ఈల వేశాడు. అందరితోపాటు నేనూ బుద్ధిగా బయటికొచ్చాను. ఒకరి ఈలకు నేను కదలడం అదే మొదటిసారి! అక్కడ మధ్యాహ్నం దాటాక వానలెక్కువ, అందుకని ఈత పొద్దున్నే పెట్టుకోండి.

ఒక ఆదివారం పులావ్ ఉబిన్ దీవికి వెళ్లండి. చాంగీ రేవులో చిన్న పడవలుంటాయి. వాటికి టైమంటూ లేదు, పన్నెండు మంది కాగానే కదులుతాయి. చేతిలో నగదు ఉంచుకోండి. దిగగానే అద్దె సైకిళ్లు దొరుకుతాయి. రేకుల ఇళ్లు, కొబ్బరి చెట్లు, రోడ్డు పక్కన అడవి పందులు... కోనసీమ లంకలోకి వచ్చినట్టే అనిపించింది నాకు.

ఇక షటిల్. కోర్టు ముందే బుక్ చెయ్యాలి. సాయంత్రాలు, శని ఆదివారాలు ఇట్టే అయిపోతాయి. మీరు విమానం ఎక్కకముందే మీ అబ్బాయి చెవిన వెయ్యండి. వారం మధ్యలో పగటిపూట అయితే తేలిగ్గా దొరుకుతుంది. నేల మీద గీతలు పడని బూట్లు కావాలి. అవి ఇక్కడే కొనుక్కుని వెళ్లండి. నేను అక్కడ కొన్న జత ఖరీదెంతో మా ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.